జోగే మార్చిన నీళ్ళు

నాకు కోపం ఎక్కువని భోపాలపట్నంలో అందరికీ తెలుసు. బడిలో నేను అరిస్తే వాగు అవతల గొడ్లు తలెత్తి చూసేవని అనేవాళ్ళు. ఆ కోపమంతా మామగారి గడప తొక్కేసరికి ఎక్కడికి పోయేదో నాకే తెలిసేది కాదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని సామెత. నాది తిరగేసిన సామెత. వీధిలో పులిని, ఇంట్లో పిల్లిని. ఇల్లరికపు అల్లుడు ఎవడైనా ఇంతేలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. జోగే గురించి చెప్పాలంటే ముందు ఈ పిల్లితనం ఒప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి బస్తర్ ఇంకా రాజ్యమే. 1938 వేసవి. రాజమండ్రి దగ్గర పుట్టి, పెళ్ళి పుణ్యమా అని గోదావరి ఎగువకి వచ్చిపడ్డ నేను, భోపాలపట్నం సర్కారు బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. పాఠం హిందీలో చెప్పాలని పైవాళ్ళ హుకుం. పిల్లల తలకెక్కాలంటే తెలుగులో చెప్పాలి. వెనక వరసలో కూర్చున్న అడవి పల్లెల దోర్ల తెగ పిల్లలకు వాళ్ళ మాటలో మళ్ళీ చెప్పాలి. మామగారు శ్రీరంగం గారిది ఉప్పు, పొగాకు, చింతపండు వ్యాపారం. ముందు దుకాణం, మధ్యలో వాకిలి, వెనక ఇల్లు. ఇంటి పక్కన సరుకు దాచే కొట్టు. ఊళ్ళో మొదటి రేకుల కప్పు ఆ కొట్టుదే. ఆ రేకులు ఎడ్లబళ్ళ మీద దిగిన రోజు ఊరంతా వచ్చి తట్టి, మోగించి చూసి వెళ్ళిందట. ఆయన ఆ సంగతి నాకు కనీసం ఇరవైసార్లు చెప్పారు.

జోగే దోర్ల మనిషి. తర్లగూడ దగ్గర ఏదో పల్లె. వయసు ముప్పై దాటి ఉంటుంది. ఎంత అని అడిగితే, "నాకేం ఎరుక పంతులూ, మా అమ్మనడుగు, అది సచ్చిపోయింది," అని నవ్వేది. భర్త సుక్కా కూలిపనికి ఊళ్ళోకి వస్తూ ఆమెనూ తెచ్చాడు. అతను పోయాక ఆమె పల్లెకు తిరిగిపోలేదు. వాగు ఒడ్డున గుత్తేదారు నడిపే ఇప్పసారా బట్టీలో పనికి కుదిరింది.

నేను తాగే మనిషిని కాను. ఆ వాసనే నాకు పడదు. అయినా పొద్దున్నే వాగుకు స్నానానికి పోతూ, ముక్కు మూసుకుని ఆ బట్టీ దగ్గర ఆగేవాణ్ణి. ఆమె చేతులు చూడడానికి. అడుగున పెద్ద కుండ, అందులో పులిసిన ఇప్పపువ్వు, కింద మంట. ఆ కుండ మూతి మీద చల్లటి నీళ్ళ కుండ కూర్చోబెట్టి సందులన్నీ మట్టితో మెత్తుతారు. లోపలి ఆవిరి పైకి లేచి, పై కుండ చల్లటి అడుగుకు తగిలి, బొట్లుగా మారి వెదురు గొట్టంలోంచి బయటికి కారుతుంది. అదే సారా. అయితే పై కుండలో నీళ్ళు ఊరికే ఉండవు. కింది వేడినంతా తాగుతూ అవీ వేడెక్కుతాయి. వేడెక్కాక ఆవిరి ఆవిరిగానే పోతుంది, గొట్టంలోంచి చుక్క రాదు. అందుకని ఆ నీళ్ళు తోడిపారేసి మళ్ళీ చల్లవి పొయ్యాలి. అలా మార్చినదాన్ని ఒక నీళ్ళు, రెండు నీళ్ళు అని లెక్కపెడతారు. తక్కువ నీళ్ళకు దింపితే ఘాటు, ఎక్కువ నీళ్ళకు దింపితే పలచన.

జోగే పని ఆ నీళ్ళు మార్చడం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే. కుండలో వేలు ముంచి మనసులో మూడు లెక్కపెట్టేది. మూడు అనకముందే వేలు లాక్కోవాలనిపిస్తే మార్చే వేళైనట్టు. ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదని గుత్తేదారే చెప్పేవాడు. మిగతా కూలీలు నీళ్ళు మరిచిపోయి కబుర్లాడితే వాళ్ళని తిట్టేది. "నీళ్ళ మీద కన్నుండాలె," అనేది.

ఆ ఏడు చైత్ర పౌర్ణమి నాటి మాట. రాజమండ్రి నుంచి తమ్ముడు పంపిన మూటలో ఆవకాయ జాడీకి చుట్టిన పాత పత్రిక ఒకటి దొరికింది. నూనె మరకల మధ్య చంద్రుడి గురించి ఒక వ్యాసం. చంద్రుడి మీద చుక్క నీరు లేదట. గాలీ లేదట. నీళ్ళు ఉంటే పగటి ఎండను తాగి, రాత్రికి మెల్లగా విడిచి, నేలని కాపాడతాయి. అవి లేవు గనక అక్కడ మిట్టమధ్యాహ్నం రాయి మన ఇంట్లో మరిగే నీళ్ళ కన్నా వేడిగా ఉంటుందట. సూర్యుడు దిగిపోతే మంచు కన్నా ఎన్నో రెట్లు చల్లబడిపోతుందట. చదివి కొయ్యబారిపోయాను. చల్లని మామ అని పాలబువ్వ తినిపిస్తూ చూపించిన ఆ చందమామ, కాలిన పెనమా? మా అమ్మ ఉంటే ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టేది. అయినా సైన్సు సైన్సే అనుకుని, ఆ ఉదయం బడిలో పాఠం మార్చేశాను.

దుకాణం నుంచి అరసేరు ఇనప గుండు ఒకటి అడిగి తెచ్చాను. అంతే తూకం నీళ్ళు ఒక డబ్బాలో పోశాను. రెండింటికీ ఒకేలాంటి మంట పెట్టించాను. కాసేపటికి గుండు మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమంది. డబ్బాలో నీళ్ళు మాత్రం గోరువెచ్చగానే ఉన్నాయి. "చూశారా! ఒకే మంట, ఒకే తూకం. నీళ్ళు ఎంత వేడినైనా మింగి ఊరుకుంటాయి. ఇనుమూ రాయీ అలా మింగలేవు, వెంటనే కాలిపోతాయి," అని అరుస్తూ, ఉత్సాహం పట్టలేక ఆ గుండునే చేత్తో పట్టుకున్నాను. నా కేక వాగు అవతలికి ఖచ్చితంగా వినిపించి ఉంటుంది. పిల్లలకు ఏడాదిలో అంతకన్నా మంచి పాఠం దొరకలేదు. కడుపులు పట్టుకుని నవ్వారు.

అప్పుడే బట్టీకి కొత్త కుండ నెత్తిన పెట్టుకుని బడి పక్కనుంచి పోతున్న జోగే కూడా ఆగి నవ్వింది.

"నీళ్ళకు కడుపు పెద్దది పంతులూ. ఇది నేర్పనీకె వేలు కాల్చుకోవాల్నా?"

"సరేగానీ, చంద్రుడి మీద నీళ్ళే లేవట, తెలుసా?" అన్నాను, కాలిన వేళ్ళ మీద ఊదుకుంటూ.

ఆమె నవ్వు ఆగిపోయింది. "లేవా? మరి ఆయన సుట్టూ గుడి కడితే వాన వస్తది గదా. ఆ నీళ్ళు ఎవ్వలయి?"

"అవి మన మబ్బుల్లోవి. మన నీళ్ళే చంద్రుడి చుట్టూ వలయంలా కనిపిస్తాయి."

"ఆడ మనుషులుంటరా?"

"ఉండరు."

"మంచిదే. ఉంటే పాపం సచ్చిపోదురు," అని కుండ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి నా పాఠం నాకన్నా ముందే చేరింది. మామగారు దుకాణంలోంచే అందుకున్నారు. "ఏందల్లుడుగారూ, సందమామల నీళ్ళు లేవని పిల్లలకు చెప్పిన్రంట? అమృత కిరణుడయ్యా ఆయన! మూలికలకు రాజు. ఆయన సలవతోనే గదా సెట్లు బతుకుతున్నయి."

"పత్రికలో రాశారండీ."

"రాసినోడు పొయ్యి సూసొచ్చిండా?"

నా దగ్గర జవాబు ఉంది. చేతికి వెన్న రాసుకుని అన్నం తిని పడుకున్నాను.

నాలుగు గంటల వేళ మా ఆవిడ మహాలక్ష్మి కేక వేసింది. మా అమ్మాయి తాయారు కనిపించడం లేదట. ఆరేళ్ళ పిల్ల, మాకు ఒక్కతే. పక్కింటి పిల్లలతో దాగుడుమూతలు ఆడిందని తెలిసి వెతికితే, రేకుల కొట్టులో చింతపండు గంపల వెనక దొరికింది. దాక్కుని అక్కడే నిద్రపోయినట్టుంది. తక్కిన పిల్లలు ఆట మరిచి ఇళ్ళకు పోయారు. నేను ఎత్తుకున్నాను. ఎత్తుకుని అదిరిపడ్డాను. ఒళ్ళు ఎండలో వదిలేసిన ఇత్తడి చెంబులా ఉంది. ముఖం ఎర్రగా కందింది. పొడి చర్మం, చెమట చుక్క లేదు. కళ్ళు పైకి పోతున్నాయి. కాళ్ళూ చేతులూ ఉండుండి కొట్టుకుంటున్నాయి.

మా అత్తగారు అన్నపూర్ణమ్మ గారు ఊళ్ళో వైద్యానికి పెట్టింది పేరు. బీజాపూర్ దవాఖానాకి బండిలో రెండు రోజుల దారి, కనుక ఎవరికి నలతగా ఉన్నా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. పైసా తీసుకునేవారు కాదు. కూలీలైనా, కోమట్లైనా ఒకటే ఆదరణ. ఆవిడ మనసు వెన్న, మాట రాయి. పిల్లని చూసి ఒక్క క్షణంలో తేల్చేశారు.

"వణుకుతున్నది. సలిజరం."

"వడదెబ్బేమో అమ్మా," అంది మహాలక్ష్మి.

"ఎండల అడుగే పెట్టలేదు గదనే పిల్ల! నీడల పడుకున్నదానికి వడదెబ్బ ఎట్ల తగుల్తది? కంబళ్ళు తే. చెమట పట్టాలె. నీళ్ళ చుక్క ఇయ్యకుండ్రి, జరంల నీళ్ళు ఇసం."

ఆ అడవి ఊళ్ళలో చలిజ్వరం రాని ఇల్లు లేదు. వణికితే కంబళి కప్పడం అక్కడ అందరికీ అలవాటు. అది తప్పని ఎవరికి తోస్తుంది? రేకుల కింద నీడ కూడా పొయ్యేనని ఆ ఇంట్లో ఒక్కడికే తెలియాలి. ఆ ఒక్కడు పొద్దున్నే బడిలో అరిచి చెప్పి వచ్చాడు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేస్తే, కాలిన నా వేళ్ళు భగ్గుమన్నాయి. తాయారు "నీళ్ళు" అంది. ఇంకోసారి "నాన్నా, నీళ్ళు" అంది. తర్వాత అడగడం మానేసింది.

"అత్తగారూ, కొంచెం నీళ్ళు..." అన్నాను.

"మీకు వైద్యం ఎరుకనా అల్లుడుగారూ?"

"తెలియదండీ," అన్నాను. ఆ ఒక్క మాట అనగలిగాను!

రెండు కంబళ్ళు కప్పారు. పొద్దు వాలుతున్నకొద్దీ పిల్ల మాటలు తడబడ్డాయి, తర్వాత మాటలే లేవు. ఊపిరి కుక్కపిల్ల ఎగపోతలా ఉంది. మహాలక్ష్మి గోడకు ఆనుకుని నావైపే చూస్తోంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఇంతలో తూర్పున పౌర్ణమి చంద్రుడు పైకి వచ్చాడు. మామగారు లేచారు.

"మంచం వాకిట్లకు తియ్యుండ్రి. పిల్ల ముఖానికి ఎన్నెల తగలనియ్యి. సలవ దిగుతది."

ఆ మంచాన్ని ఒక కొస ఆయన పట్టుకున్నారు. రెండో కొస నేను పట్టుకున్నాను. చంద్రుడి మీద చల్లదనం లేదని, ఉన్నది కాలే రాయేనని ఆ పొద్దున్నే గొంతు చించుకున్న మనిషిని, నీళ్ళు నిండిన గంగాళం పక్కనుంచే మంచం మోసుకుపోయి, కన్నకూతుర్ని కంబళ్ళతో సహా వెన్నెల్లో పెట్టాను. పెట్టి, దణ్ణం కూడా పెట్టాను. భయం వేస్తే చదువు ఎంత దూరం పారిపోతుందో అప్పుడు తెలిసింది.

ఆ వేళకే జోగే ఉప్పు కోసం దుకాణానికి వచ్చింది. దుకాణంలో ఎవరూ లేరు. తెరిచిన తలుపులోంచి వాకిలి కనిపించింది. ఆమె గడప దాటి లోపలికి వచ్చేసింది. దోర్ల వాళ్ళెవరూ ఆ గడప దాటేవాళ్ళు కాదు. మామగారు నోరు తెరిచేలోపే మంచం దగ్గరికి వచ్చి, కంబళి కింద చెయ్యి పెట్టి పిల్ల పొట్ట తడిమింది.

"ఏడున్నది ఈ పిల్ల ఇంతసేపు?"

"కొట్టులో," అన్నాను.

"రేకుల కొట్టులనా?"

ఆమె ముఖం మారిపోయింది. రెండు కంబళ్ళూ ఒక్క లాగు లాగి నేల మీద పారేసింది. అత్తగారు "ఓసి, ఏందే నీ పొగరు!" అని అరిచారు. జోగే వినలేదు. తన భుజం మీది గుడ్డ తీసి, గంగాళంలో ముంచి, నీళ్ళు కారుతుండగానే పిల్ల మెడ నుంచి మోకాళ్ళ దాకా పరిచింది. వంటకూ దేవుడికీ వాడే గంగాళం అది.

"పిల్లని సంపుతున్నదే! పట్టుకోండ్రి దాన్ని!" అన్నారు మామగారు. అత్తగారు ముందుకు ఉరికారు. అప్పుడు జరిగింది నేను కలలో కూడా అనుకోనిది. పుట్టి బుద్ధెరిగాక తల్లి మాటకు ఎదురు చెప్పని మహాలక్ష్మి, మధ్యలోకి వచ్చి చేతులు చాచి నిలబడింది.

"ముట్టకు అమ్మా. దాన్ని ముడితే నేను చచ్చినంత ఒట్టు."

జోగే ఆ గొడవ వైపు తల తిప్పలేదు. పిల్ల మీది గుడ్డలో వేలు పెట్టి ఉంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"ఏడెక్కింది. ఒక నీళ్ళు," అంది. గుడ్డ తీసి పిండింది. ఆ పిండిన నీళ్ళు నా పాదాల మీద పడ్డాయి. వెచ్చగా ఉన్నాయి! చన్నీళ్ళలో ముంచిన గుడ్డ అంతలోనే అంత వేడి తాగింది. బట్టీ దగ్గర వంద ఉదయాలు చూసిన పనే కళ్ళ ముందు జరుగుతోంది. కింద కుండకు బదులు నా కూతురు ఉంది.

"చేట ఏదమ్మా? ఇసురు," అంది మహాలక్ష్మితో. మహాలక్ష్మి చేట తెచ్చి విసరసాగింది. "నువ్వు ఏం సూస్తున్నవ్ పంతులూ? గంగాళం నీళ్ళు సాలవు. బాయి కాడికి పో!"

వెళ్ళాను. ఇంట్లో నాకు వచ్చిన మొదటి సరైన ఆజ్ఞ అది. కాలిన చేత్తోనే చేదలు తోడాను. తోడిన ప్రతిసారీ వాకిట్లోంచి ఆమె గొంతు వినిపించేది. రెండు నీళ్ళు. మూడు నీళ్ళు. గుడ్డ మీద నుంచి చంకల్లో, మెడ కింద, గజ్జల్లో పోసింది. అయిదో నీళ్ళకు కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. అది మంచికో చెడుకో తెలియక చేద పట్టుకుని నిలబడిపోయాను. "ఊపిరున్నది. తోడు," అంది ఆమె. ఎనిమిదో నీళ్ళకు గుడ్డ వేడెక్కడానికి ముందుకన్నా ఎక్కువసేపు పట్టింది. పదకొండో నీళ్ళకు వేలు పెట్టి మూడు దాటి, పది దాటి లెక్కపెట్టింది. గుడ్డ చల్లగానే ఉంది.

తాయారు కళ్ళు తెరిచి, ముఖం చిట్లించి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను చేద బావిలోకి వదిలేశాను.

"నీళ్ళు," అంది పిల్ల.

"ఇప్పుడియ్యుండ్రి. రెండు ఉప్పు రాళ్ళు ఎయ్యి. గుక్క గుక్క తాపు," అని జోగే అప్పుడు కూలబడింది. ఒళ్ళంతా తడిసిపోయి, గసపోస్తూ ఉంది.

మామగారే ముందు తేరుకున్నారు. పిల్ల బతికిందన్న ఆనందంలో గంగాళం మైల మాట ఎత్తలేక, ఎత్తకుండా ఉండలేక, వాకిట్లో అటూ ఇటూ తిరిగారు. అత్తగారు మాత్రం జోగే ముఖంలోకే చూస్తున్నారు. వైద్యంలో తనను మించిన మనిషిని ఆవిడ చూడడం అదే మొదలు.

"ఎవరు నేర్పిన్రే నీకిది?"

"ఎవ్వలు నేర్పలే సావుకారమ్మా. నా మొగడు సచ్చి నేర్పిండు."

అత్తగారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"సుక్కా మీ కొట్టులనే గదా మూటలు పేర్చింది. పోయిన ఏడు గాక ఆ ముందటేడు, గిదే నెలల. రేకుల కింద పొద్దుగాల సంది పేర్చి, పొద్దు తిరిగినంక పడిపోయిండు. ఒళ్ళు గిట్లనే కాలుతున్నది. గిట్లనే కొట్టుకున్నడు. నువ్వే వచ్చి సూసినవ్. సలిజరమన్నవ్. ఇంట్లకెళ్ళి మంచి కంబళి తెచ్చి నీ చేతులతోని కప్పినవ్. నీళ్ళియ్యకే అన్నవ్. ఆయన అడిగిండు. నేను ఇయ్యలే. మూడుసార్లు అడిగిండు. పొద్దు గూకేటాళ్ళకు పోయిండు."

అత్తగారికి గుర్తొచ్చింది. అలాంటివాళ్ళు ఆవిడ దగ్గరికి ఎందరో వచ్చారు, కొందరు బతికారు, కొందరు పోయారు. పోయినవాళ్ళు జ్వరంతో పోయారనే అనుకున్నారు.

"అటెన్క బట్టీల పనికి పోయిన. పై కుండల నీళ్ళు మార్చినప్పుడల్లా అదే పోరు నాకు. కుండ ఏడెక్కితే నీళ్ళు మారుస్తున్న గదా, మనిషి ఏడెక్కితే ఎందుకు మార్చలే అని. రెండేండ్లు అదే అనుకున్న."

"అయితే... అప్పుడు నాకెందుకు ఎదురు చెప్పలేదే? అరవకపోయినవా? కంబళి గుంజెయ్యకపోయినవా ఇయ్యాల గుంజినట్టు?" అన్నారు అత్తగారు.

"నువ్వు దయతోని చెప్పినవ్ సావుకారమ్మా," అంది జోగే. "తిట్టి చెప్తే ఎదురు తిరుగుదును."

అన్నపూర్ణమ్మ గారు ఆ తడి నేల మీదే కూర్చుండిపోయారు. ఆవిడ అలా నేల మీద కూలబడడం అంతకుముందు నేను చూడలేదు. మర్నాడు మామగారు నీళ్ళు పారబోయించి గంగాళం తోమించబోతే, "ఉండనియ్యి," అని ఆవిడ ఒక్క మాట అన్నారు. ఆ నీళ్ళతోనే మనవరాలికి స్నానం చేయించారు. ఆ తర్వాత ఎవరు జ్వరమని వచ్చినా ఆవిడ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నాకు తెలిసి మళ్ళీ ఎవరికీ మందు చెప్పలేదు. ఆవిడ చేతి కషాయంతో నిజంగా బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు గుమ్మంలో నిలబడి బతిమాలినా లాభం లేకపోయింది.

తాయారు నాలుగో రోజుకు లేచి తిరిగింది. అయిదో రోజు పొద్దున్నే, మహాలక్ష్మి ఇచ్చిన కొత్త చీర ఒకటి తీసుకుని బట్టీకి వెళ్ళాను. దారి పొడవునా కృతజ్ఞత చెప్పడానికి మాటలు కూర్చుకున్నాను. వాటిలో సైన్సు కూడా ఉంది. నువ్వు చేసింది మూఢనమ్మకం కాదు, నిజమైన విద్య, గొప్ప గొప్పవాళ్ళు కనిపెట్టిన సత్యం అది, అని ఆమెను పొగుడుదామని. చదువుకున్నవాడి పొగడ్త ఆమెకు బహుమానం అవుతుందని నిజంగానే అనుకున్నాను.

జోగే చీర తీసుకుని, మడత విప్పి చూసి, రంగు బాగుందని చెప్పి పక్కన పెట్టింది. మంట సర్దింది. నేను కూర్చుకున్న మాటలు చెప్పాను. నీళ్ళు వేడిని తాగే సంగతి పెద్ద పుస్తకాల్లోనే ఉందని, ఆమె తనంతట తాను దాన్ని కనుక్కుందని చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"పుస్తకంల ఉన్నదా పంతులూ?"

"ఉంది."

"ఎప్పటి సంది?"

నేను గర్వంగానే చెప్పాను. "ఒక దొర కొలిచి చూపించి నూట డెబ్భై ఏళ్ళు దాటింది."

ఆమెకు ఆ లెక్క అందలేదు. వేళ్ళు ముడుచుకుని చూసి వదిలేసింది. "అంటే సుక్కా పడ్డ నాటికి ఉన్నదా?"

తల ఊపాను.

"నువ్వు సదివి ఉంటివా అప్పటికి?"

"చదివాను."

"ఆ దినం నువ్వు అరుగు మీదనే కూసున్నవ్. పలకలు దిద్దుతున్నవ్. నేను సూసిన."

అవును. కూర్చున్నాను. కొట్టులో ఎవరో కూలీ పడిపోయాడని, అత్తగారు చూస్తున్నారని విన్నాను. తల ఎత్తి చూసి, మళ్ళీ పలకల్లో పడ్డాను. అతని పేరు సుక్కా అని కూడా అప్పుడు నాకు తెలియదు. అడగలేదు.

ఏదో అనబోయాను. ఆమె ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, పై కుండలో వేలు ముంచింది. మూడు అనకముందే తీసేసింది. వేడెక్కిన నీళ్ళు తోడిపారేసి చల్లవి పోసింది. గొట్టంలోంచి మళ్ళీ చుక్క మొదలయ్యేదాకా చూసి, అప్పుడు నావైపు తిరిగింది.

"నేనంటే ఎరుక లేక నీళ్ళియ్యలే పంతులూ," అంది.

అంతకు మించి నన్ను ఏమీ అనలేదు. ఆ పూట నేను బడి తెరవలేదు.